స్కాలప్ అంటే చిప్పా, అంచా?

"చేతులకు స్కాలప్ పెట్టమంటారా, మామూలు పైపింగ్ చాలా?" పెళ్లిళ్ల సీజన్‌లో బ్లౌజు కుట్టించుకోవడానికి వెళ్తే టైలర్ అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. అడిగేవారికీ, చెప్పేవారికీ ఆ మాట అర్థం బాగా తెలుసు. అరచందమామలను పక్కపక్కన పేర్చినట్టు వంపులు వంపులుగా సాగే అంచు. దుపట్టాలకూ ఆర్గంజా చీరలకూ అదే ఇప్పుడు ఫ్యాషన్. అది ఒక సముద్రపు జీవి పేరని ఇద్దరిలో ఎవరికీ తెలియకపోయినా బ్లౌజుకు వచ్చే లోటేమీ లేదు.

ఇదే మాటను అమెరికాలో బోస్టన్ హోటల్లో అంటే గుండ్రటి తెల్లటి మాంసం ముక్కలు పళ్లెంలోకి వస్తాయి. ఆస్ట్రేలియాలో సిడ్నీ వీధి చివర చేపలు వేయించే కొట్టులో అంటే బంగాళదుంప బజ్జీ చేతికిస్తారు. గుహలు కొలిచేవారిని అడిగితే రాతిగోడ మీద గుంట చూపిస్తారు. కంప్యూటర్ నడిపించగా లోహాన్ని చెక్కే సీఎన్‌సీ మిషన్ మీద పనిచేసేవారు లోహం మీద మిగిలిపోయిన సన్నటి గీతను చూపిస్తారు. డాక్టర్ మాత్రం నాలుక చాపమంటారు.

ఒకే మాటకు పది అర్థాలు ఉండటం వింతేమీ కాదు, ఏ భాషలోనైనా ఉన్నదే. ఇక్కడ గమనించవలసింది వేరే ఉంది. ఈ అర్థాలన్నీ ఒక్క చిప్పలోంచే వచ్చాయి, కానీ ఒక్కొక్కరూ అందులో ఒక్కో భాగాన్నే చూశారు. అంచు చూసినవారు అంచుకు ఆ పేరు పెట్టారు, గుంట చూసినవారు గుంటకు పెట్టారు. మిగతా భాగాల సంగతి ఎవరికీ పట్టలేదు.

ముందు ఆ జీవి ఎలా ఉంటుందో చూడాలి. కజ్జికాయలు ఒత్తే అచ్చు ఇంట్లో ఉన్నవారికి దీన్ని వేరే వర్ణించక్కర్లేదు. ఒక వైపు మడత బందు, విప్పితే రెండు అరలు, మూస్తే అరచక్రం, అంచు పొడుగునా నొక్కులు. బందు దగ్గర అటూ ఇటూ చెవుల్లాంటి చిన్న రెక్కలు అదనం. బందు నుంచి అంచు దాకా విసనకర్ర పుల్లల్లా చాళ్లు విచ్చుకుంటాయి. సాదా రేకు కన్నా వంపుల రేకుకు బలం ఎక్కువని షెడ్డు వేసినవారికి తెలుసు, ఈ చిప్ప బలమూ అదే. పల్చగా ఉన్నా చాళ్ల వల్ల తేలిగ్గా విరగదు. ఆ చాళ్లు అంచు దాకా వచ్చి ఆగడం వల్లే అంచుకు వంపులు వచ్చాయి. అంటే టైలర్ కుట్టే స్కాలప్ ఆ చిప్పకు అలంకారంగా వచ్చింది కాదు, దాని కట్టడంలోంచి వచ్చింది.

లాటిన్ మాట్లాడినవారికి ఆ చాళ్లలో దువ్వెన పళ్లు కనబడ్డాయి. అందుకే వాళ్లు దీన్ని పెక్టెన్ అన్నారు, అంటే దువ్వెన. గ్రీకులోనూ దువ్వెనకూ ఈ చిప్పకూ ఒకటే మాట. శాస్త్రవేత్తలు ఈ కుటుంబం మొత్తానికి పెట్టిన పెక్టినిడే అనే పేరు అక్కడిదే. ఇంగ్లీషు స్కాలప్ మాత్రం పాత ఫ్రెంచిలోని ఎస్కలోప్ నుంచి వచ్చింది, దానికి అర్థం ఉత్త చిప్ప అనే. జర్మన్, డచ్ వంటి భాషల వైపు నుంచి ఫ్రెంచిలోకి వెళ్లిన ఆ మాటకు ఇంగ్లీషు షెల్ దగ్గరి చుట్టం. కాబట్టి స్కాలప్ షెల్ అన్నప్పుడు జరిగేది గేటు దర్వాజా అన్నట్టే, చిప్ప చిప్ప అని రెండుసార్లు అనడం.

ఆల్చిప్ప రాతికో అడుగునో అంటుకుని బతుకుతుంది. స్కాలప్ అలా కాదు, చాలా జాతులు ఈదుతాయి. రెండు చిప్పలనూ చప్పట్లు కొట్టినట్టు మూసి, లోపలి నీటిని చిమ్మి, ఆ తోపుతో ముందుకు దూకుతాయి. నక్షత్రచేప దగ్గరకొస్తే ఇదే వాటి పరుగు. ఇక అంచు వెంట కళ్లు. ఒకటీ రెండూ కాదు, కొన్ని జాతుల్లో రెండు వందల దాకా ఉంటాయి. మన కంట్లో వెలుగును ఒకచోట చేర్చే పని ముఖ్యంగా ముందున్న పొరా కటకమూ చేస్తాయి, స్కాలప్ కంట్లో వెనక ఉన్న అద్దం చేస్తుంది. బ్రిటిష్ జీవశాస్త్రవేత్త మైకేల్ లాండ్ 1960లలో దీన్ని బయటపెట్టారు. 2017లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు ఆ అద్దాన్ని ఇంకా దగ్గరగా చూస్తే, గ్వానిన్ అనే పదార్థపు చదరపు స్ఫటికాలు నేల మీద టైల్స్ పరిచినట్టు సందు లేకుండా పేర్చి కనిపించాయి. పెద్ద టెలిస్కోపుల్లో అద్దం చేసే పనిని ఇసుకలో పడుండే ఈ జీవి కన్ను చేస్తోంది.

అంత విచిత్రమైన కళ్లున్నా, వాటిలోంచి స్కాలప్ అనే మాటకు కొత్త అర్థం ఒక్కటీ పుట్టలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. మాటలు పుట్టించినవారు చూసింది బతికున్న జీవిని కాదు, అల ఒడ్డున పడేసిన ఖాళీ చిప్పను. చచ్చిన చిప్పకు అంచు ఉంటుంది, గుంట ఉంటుంది, చాళ్లు ఉంటాయి. కళ్లూ ఈతా ఉండవు.

ఈతను పట్టించుకున్నది ఒక్క భౌతికశాస్త్రమే, అదీ చాలా ఆలస్యంగా. నోబెల్ బహుమతి పొందిన ఎడ్వర్డ్ పర్సెల్ 1977లో బాక్టీరియా ఈత గురించి రాస్తూ స్కాలప్‌ను ఉదాహరణకు తెచ్చారు. బాక్టీరియా అంత చిన్న ప్రాణికి నీళ్లు మనకు బెల్లం పాకంలా ఉంటాయి. అందులో తోసినప్పుడే కదలిక ఉంటుంది, తోపు ఆగగానే అన్నీ ఆగిపోతాయి. ఒకే మడత బందు ఉన్న ప్రాణి అక్కడ చిప్ప తెరిస్తే కొంచెం వెనక్కి జరుగుతుంది, మూస్తే అంతే ముందుకు వస్తుంది. ఎంత వేగంగా మూసినా, ఎంత నెమ్మదిగా తెరిచినా ఉన్నచోటే ఉంటుంది. దీనికి స్కాలప్ సిద్ధాంతం అని పేరు పడింది. అసలు స్కాలప్ పెద్దది కాబట్టి, చిమ్మిన నీటికి జోరు ఉంటుంది కాబట్టి, దానికి ఈ బాధ లేదు. తాను పాటించని నియమానికి పేరిచ్చిన జీవి ఇది. ఒంట్లో తిరిగి మందు చేరవేసే సూక్ష్మ యంత్రాలు తయారుచేసేవారికి మాత్రం ఈ సిద్ధాంతం నిజంగానే అడ్డంకి. ఒక్క బందుతో సరిపెట్టుకోలేక వాళ్లు మెలితిరిగే తోకలు పెట్టవలసి వస్తోంది.

యూరప్‌లో ఈ చిప్పకు గౌరవం తెచ్చింది యాత్రికులు. స్పెయిన్ వాయవ్య మూలన, గలీసియా ప్రాంతంలో, సంతియాగో దె కొంపొస్తేలా అనే ఊరుంది. యేసు శిష్యుల్లో ఒకరైన యాకోబు సమాధి అక్కడ ఉందని 9వ శతాబ్దం నుంచి నమ్మకం. ఫ్రాన్స్ నుంచి, జర్మనీ నుంచి, ఇంకా దూరం నుంచి జనం నెలల తరబడి నడిచి వెళ్లేవారు. తిరిగొచ్చేటప్పుడు ఆ తీరంలో దొరికే స్కాలప్ చిప్పను టోపీకో అంగవస్త్రానికో కుట్టుకునేవారు. తిరుపతి వెళ్లొచ్చినవారికి గుండు, కాశీ వెళ్లొచ్చినవారికి గంగ చెంబు ఎలాగో వారికి ఈ చిప్ప అలాగ. దారిలో నీళ్లు తాగడానికి దొప్పలా పనికొచ్చిందనీ చెబుతారు. యూరప్‌లో పాత సమాధులు తవ్వినప్పుడు ఎముకల పక్కన ఈ చిప్పలు బయటపడుతుంటాయి. బతికుండగా చేసిన యాత్రకు రుజువును చచ్చాక కూడా దగ్గరే పెట్టుకున్నారన్నమాట.

రుజువు ఉన్నచోట నకిలీ తప్పదు. కొంపొస్తేలాలో గుడి ముందు చిప్పలు అమ్మేవారు ఉండేవారని 12వ శతాబ్దపు రాతల్లోనే ఉంది. వేరే ఊళ్లలో కూడా వీటిని అమ్మడం మొదలయ్యేసరికి, బయట అమ్మినవారిని మతం నుంచి వెలివేస్తామని 13వ శతాబ్దంలో పోపులు హెచ్చరించారు. ఊరి పేరుతో ముడిపడిన సరుకును ఆ ఊరివారే అమ్మాలని చెప్పే నేటి జీఐ ట్యాగ్‌కు అది తాతలాంటిది. శిక్ష మాత్రం కాస్త ఎక్కువ.

ఆ యాత్ర వల్లే ఫ్రెంచివారికి ఇది సెయింట్ జాక్ చిప్ప అయింది, జర్మన్లకు యాకోబు చిప్ప అయింది. 1758లో జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ కూడా యాకోబు పేరే కలిపాడు, ఇప్పుడు ఆ జాతిని పెక్టెన్ జాకొబేయస్ అంటున్నారు. కాకపోతే ఆ పేరు మధ్యధరా సముద్రంలో దొరికే జాతికి వెళ్లింది. యాత్రికులు గలీసియాలో ఏరుకున్నది అట్లాంటిక్ జాతి, దాని శాస్త్రీయ నామం పెక్టెన్ మాక్సిమస్.

ఇప్పుడు ఆ దారి పొడుగునా నీలం పలక మీద పసుపు చిప్ప గుర్తు ఉంటుంది. 2023లో 4.4 లక్షల మందికి పైగా యాత్ర పూర్తి చేసినట్టు నమోదైంది. వాళ్లలో చాలామంది చిప్పను బయలుదేరేటప్పుడే బ్యాగుకు కట్టుకుంటున్నారు. పూర్వం తిరిగొచ్చినవాడి గుర్తుగా ఉన్నది ఇప్పుడు వెళ్తున్నవాడి గుర్తు అయింది. ఇంకో చిక్కు కూడా ఉంది. అస్తూరియాస్ ప్రాంతంలో చాళ్లన్నీ కలిసే కొస ఎటు ఉంటే అటు నడవాలి. పొరుగున గలీసియాలో చాళ్లు విచ్చుకున్న వైపు నడవాలి. సరిహద్దు దాటగానే అదే బొమ్మ అర్థం తలకిందులవుతుంది. దారులన్నీ ఒకచోట కలిసినట్టు ఒకరు చూశారు, ఒకచోటి నుంచి వెలుగు విచ్చుకున్నట్టు ఇంకొకరు చూశారు.

యాత్రికుడి చిప్పే శృంగార దేవతకూ వాహనమైంది. 1480లలో బొటిచెల్లి వేసిన వీనస్ పుట్టుక చిత్రం ఫ్లోరెన్స్‌లోని ఉఫిజీ మ్యూజియంలో ఉంది. సముద్రంలో పుట్టిన వీనస్ పడవంత స్కాలప్ చిప్ప మీద నగ్నంగా నిలబడి ఒడ్డుకు వస్తుంది. ఇది బొటిచెల్లి సొంత ఊహ కాదు. రోమన్ల నగరం పొంపేయి గోడ మీద కూడా చిప్పలో పవళించిన వీనస్ ఉంది. పురాతన గ్రీకులో దువ్వెనకూ చిప్పకూ ఉన్న ఆ మాటే స్త్రీ మర్మాంగానికీ చెల్లేది కాబట్టి, వీనస్ కింద ఈ చిప్ప ఉండటంలో కాకతాళీయం లేదు. అదే చిప్పతో క్రైస్తవ గురువులు బాప్తిస్మం నీళ్లు పోస్తారు. ఒకే వస్తువు కామానికీ పాపక్షాళనకూ గుర్తు కావడం యూరప్‌కు ఇబ్బంది అనిపించినట్టు లేదు.

యాత్ర చేసినవారి వంశాలు ఈ గుర్తును తమ రాచ చిహ్నాల్లోకి ఎక్కించుకున్నాయి. బ్రిటన్ యువరాణి డయానా పుట్టింటివారైన స్పెన్సర్ల చిహ్నంలో మూడు స్కాలప్‌లు ఉన్నాయి. ఆమె కొడుకు విలియం చిహ్నంలో కనిపించే ఎర్ర చిప్ప ఆ అమ్మమ్మగారింటి వాటానే. ఇలాంటి ఒక కుటుంబ చిహ్నం ద్వారానే స్కాలప్ భారతదేశం దాకా వచ్చిందని చెప్పే కథ కూడా ఒకటుంది.

19వ శతాబ్దంలో లండన్‌లో మార్కస్ శామ్యూల్ అనే వ్యాపారి తూర్పు దేశాల చిప్పలూ శంఖాలూ తెప్పించి అమ్మేవారు. ఆయన కొడుకులు ఆ వ్యాపారాన్ని కిరోసిన్ వైపు తిప్పారు. 1892లో సూయజ్ కాలువ దాటి తూర్పుకు వచ్చిన వారి మొదటి ట్యాంకర్ పేరు మ్యూరెక్స్, అదీ ఒక సముద్రపు నత్త పేరే. 1897లో పెట్టిన కంపెనీకి పేరు షెల్. 1901లో గుర్తుగా పెట్టుకున్నది ఆల్చిప్పలాంటి మసెల్ చిప్ప బొమ్మ. 1904లో దాన్ని తీసేసి స్కాలప్ పెట్టారు. శామ్యూళ్ల కిరోసిన్‌ను భారతదేశానికి తెప్పించి గ్రాహమ్స్ ఆయిల్ పేరుతో అమ్మిన స్కాట్లండ్ వ్యాపారి గ్రాహమ్ తర్వాత షెల్ డైరెక్టర్లలో ఒకరయ్యారు. ఆయన పూర్వీకులు కొంపొస్తేలా యాత్ర చేసి తమ చిహ్నంలో స్కాలప్ పెట్టుకున్నారనీ, కంపెనీ గుర్తు అక్కడి నుంచి వచ్చి ఉండవచ్చుననీ షెల్ కంపెనీయే తన చరిత్రలో చెప్పుకుంటుంది. ఇప్పుడు పెట్రోలు బంకుల మీద కనిపించే పసుపు ఎరుపు బొమ్మను 1971లో రేమండ్ లోవీ దిద్దారు. కింద ఒక పేరు కూడా అక్కర్లేకుండా పోల్చుకోగలిగిన ఆకారం అది. మసెల్ చిప్ప నున్నటి గుడ్డు ఆకారానికి అంత అదృష్టం పట్టేది కాదు.

మన ఊళ్లకు ఆ చిప్ప బర్మా షెల్ రూపంలో చేరింది. 1928లో రెండు చమురు కంపెనీలు భారతదేశపు వ్యాపారం కోసం కలిసి పెట్టిన సంస్థ అది. కరెంటు రాని ఊళ్లలో లాంతరు వెలిగించిన కిరోసిన్, ఆ తర్వాత బియ్యానికీ నీళ్లకూ వాడుకున్న ఖాళీ డబ్బాలు పెద్దవాళ్ల జ్ఞాపకాల్లో ఇంకా ఉన్నాయి. 1976లో ప్రభుత్వం దాన్ని తీసుకుంది, 1977లో అది భారత్ పెట్రోలియం అయింది. దాంతోపాటే బంకుల మీద చిప్ప పోయింది.

అంతకన్నా ఎక్కువమంది చేతుల్లో తిరిగిన స్కాలప్ ఇంకొకటి ఉంది. నాణేలు సేకరించేవారి పుస్తకాల్లో పది పైసల బిళ్ల ఆకారం పేరు స్కాలప్డ్. అంచు చుట్టూ పువ్వు రేకుల్లా వంపులు. ఇది 1957లో దశాంశ పద్ధతి వచ్చినప్పుడు కొత్తగా కనిపెట్టిన ఆకారం కాదు. 1906 నుంచి ముద్రించిన అణా బిళ్లది ఇదే పోలిక. బేడ చదరం, అణా వంపుల అంచు. చదువు రానివారు కూడా, చీకట్లో కూడా, వేలితో తడిమి ఏ బిళ్లో చెప్పగలిగే ఏర్పాటు. కొత్త పైసల్లోనూ ఐదు పైసలు చదరంగా, పది పైసలూ రెండు పైసలూ వంపుల అంచుతో వచ్చాయి. ఆ తర్వాత స్టీలు పది పైసలు గుండ్రంగా, సాదాగా మారాయి. 2011 జూన్ చివరితో పావలా, అంతకన్నా చిన్న బిళ్లలన్నీ చెలామణీలోంచి వెళ్లిపోయాయి. ఇప్పటి రూపాయి, రెండు రూపాయల బిళ్లల మధ్య తడబడేవారికి ఆ పాత ఏర్పాటు విలువ బాగా అర్థమవుతుంది.

ఇంగ్లీషులో ఈ మాట అంచుకు వాడటం 17వ శతాబ్దంలో మొదలైంది. ఆ తర్వాత వంపుల అంచు ఎక్కడ కనబడితే అక్కడ తగిలించేశారు. షాజహాన్ కట్టించిన ఢిల్లీ ఎర్రకోట దివానే ఆమ్‌లో వంపులు వంపులుగా ఉన్న కమానులను ఇంగ్లీషు పుస్తకాలు స్కాలప్డ్ ఆర్చ్ అంటాయి. వాటిని చెక్కినవారి మనసులో సముద్రపు చిప్ప ఉందనుకోనక్కర్లేదు. సుత్తి తల సొరచేపల్లో ఒక జాతి తల ముందు అంచుకు నొక్కులుంటాయి కాబట్టి అది స్కాలప్డ్ హామర్‌హెడ్. బంగాళాఖాతంలోనూ ఉన్న ఈ సొర ఇప్పుడు పూర్తిగా అంతరించే ప్రమాదం అంచున ఉంది. దాని అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు పెట్టాలని 2013లో నిర్ణయించారు, 2014 నుంచి అది అమల్లోకి వచ్చింది. పెరట్లో రణపాల ఆకు అంచూ ఇలాంటిదే. ఆ వంపుల మధ్య నొక్కుల్లోంచే పిల్ల మొక్కలు పుడతాయి కాబట్టి, అంచుకు అందం కాక పని కూడా ఉన్న అరుదైన సందర్భం అది. నాలుక వాచి పళ్లకు ఒరుసుకుంటే దాని అంచున పళ్ల ముద్రలు పడతాయి, డాక్టర్లు దాన్ని స్కాలప్డ్ టంగ్ అంటారు. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బులో చిన్నపేగు లోపలి మడతల అంచులు ఇలా కనబడితే ఎండోస్కోపీ చేసేవారు జాగ్రత్తపడతారు.

అంచును వదిలి గుంటను పట్టుకున్నది గుహల శాస్త్రం. సున్నపురాతిని నీరు కరిగిస్తూ పోయినచోట గోడంతా చెంచాతో గీకినట్టు చిన్న చిన్న గుంటలు పడతాయి. వాటి పేరు స్కాలప్‌లు. గుంటలు చిన్నవైతే నీరు వేగంగా పారింది, పెద్దవైతే నెమ్మదిగా పారింది. ఒక వైపు నిటారుగా, మరో వైపు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి నీరు ఎటు నుంచి ఎటు వెళ్లిందో కూడా చెప్పొచ్చు. ఎప్పుడో ఎండిపోయిన ఏరు తన వేగాన్నీ దిక్కునూ గోడ మీద రాసిపెట్టి పోయిందన్నమాట. మిషన్ షాపులో అర్థం ఇంకో రకం. గుండ్రటి కొస ఉన్న కట్టర్ లోహం మీద వరుసలుగా నడిచినప్పుడు రెండు వరుసల మధ్య సన్నటి గట్టు మిగులుతుంది. దాని ఎత్తును స్కాలప్ హైట్ అంటారు. గుహలో గుంటకున్న పేరు మిషన్ మీద గట్టుకు చెల్లింది.

ఇక తిండి. అమెరికాలో స్కాలప్ అంటే చిప్పలను మూసే కండ ఒక్కటే తింటారు, మిగతాది పారేస్తారు. యూరప్‌లో దాన్ని అంటుకుని ఉండే నారింజ రంగు గుడ్ల సంచిని కూడా వదలరు. మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్ ఒకప్పుడు తిమింగలాల వేటతో బతికింది, ఇప్పుడు ఎక్కువగా స్కాలప్ మీద బతుకుతోంది. అక్కడి బేరం భీమవరం చెరువుల దగ్గర తెలిసిన బేరమే. రొయ్యకు కిలోకు ఎన్ని తూగుతాయో అదే కౌంట్, కౌంట్ తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. స్కాలప్‌కు కిలో బదులు పౌండు లెక్క. యూ-10 అంటే పౌండుకు పది కన్నా తక్కువ తూగే పెద్ద సైజు. ఫాస్ఫేటు నీళ్లలో నానబెట్టి బరువు పెంచిన సరుకును వెట్ అనీ, అలా చేయనిదాన్ని డ్రై అనీ అంటారు. పెనం మీద వేయగానే తేడా తెలిసిపోతుంది, మొదటిది వేగకుండా నీళ్లు వదులుతూ ఉడుకుతుంది.

ఈ కండ కోసం పడవలు కొట్టుకున్న సందర్భమూ ఉంది. ఫ్రాన్స్ తన మత్స్యకారులను మే 15 నుంచి అక్టోబర్ 1 దాకా స్కాలప్ పట్టనివ్వదు. బ్రిటిష్ పడవలకు అప్పట్లో ఆ నియమం లేదు. 2018 ఆగస్టు 28న నార్మండీ తీరం దగ్గర 35 దాకా ఫ్రెంచి పడవలు ఐదు పెద్ద బ్రిటిష్ పడవలను చుట్టుముట్టాయి. రాళ్లు పడ్డాయి, పొగ బాంబులు పడ్డాయి, పడవలు ఢీకొన్నాయి. పత్రికలు స్కాలప్ యుద్ధం అన్నాయి. తమ చేతులు కట్టేసి పక్కవాడు కోసుకుపోతుంటే చూస్తూ కూర్చోమంటే ఎవరికైనా మండుతుంది. తప్పు పడవలది అనేకన్నా ఒకే సముద్రానికి రెండు చట్టాలు పెట్టినవారిది అనడం న్యాయం.

శాకాహారులకు ఈ మాట పెట్టే తిప్పలు వేరు. పాత ఫ్రెంచి ఎస్కలోప్ ఫ్రాన్స్‌లోనే చిప్పను వదిలేసి పల్చటి మాంసపు ముక్కకు పేరైంది. చికెన్ ఎస్కలోప్ అని మెనూలో ఉంటే అందులో సముద్రపు సరుకు ఉండదు. అమెరికాలో స్కాలప్డ్ పొటాటోస్ అంటే చక్రాలుగా కోసిన బంగాళదుంపలను పాలమీగడతో బేక్ చేసిన వంట. సిడ్నీలో పొటాటో స్కాలప్ అంటే బంగాళదుంప చక్రాన్ని మైదా జారులో ముంచి నూనెలో వేయించినది, శనగపిండి బదులు మైదా అన్నదే మన బజ్జీతో తేడా. మెల్‌బోర్న్‌లో దాన్నే పొటాటో కేక్ అంటారు, అడిలైడ్‌లో పొటాటో ఫ్రిట్టర్ అంటారు. ఏ పేరు సరైనదన్న వాదం అక్కడ పులిహోరలో ఇంగువ వాదమంత గట్టిగా సాగుతుంది. కొత్తగా వెళ్లిన తెలుగు శాకాహారి భయపడవలసింది పేరును చూసి కాదు. చేపలు వేయించిన నూనెలోనే ఇవీ వేయిస్తారా అన్నది అడగాలి.

తెలుగులో ఈ జీవికి వాడుక పేరు లేదు. భారత తీరంలో ఈ కుటుంబపు చిన్న జాతులు ఉన్నా, అవి చేపల బజారుకు వచ్చే సరుకు కాదు. అనువాదాల్లో ఆల్చిప్ప అని రాసేస్తుంటారు. కానీ ఆల్చిప్ప అనగానే తెలుగువారికి గుర్తొచ్చేవి స్వాతి చినుకూ ముత్యమూ. చిప్పకు సంస్కృతంలో ఉన్న శుక్తి అనే మాట వాడితే ఇంకా చిక్కు. వేదాంతులు భ్రాంతికి ఉదాహరణగా చెప్పే శుక్తి రజతంలో ముత్యపుచిప్ప లోపలి మెరుపు చూసి వెండి అనుకుంటారు. స్కాలప్ చిప్ప లోపల ఆ మెరుపు ఉండదు, దాన్ని చూసి ఎవరూ వెండి అనుకోరు.

చిప్ప అన్న తెలుగు మాటకు కూడా అర్థాలు తక్కువేమీ కాదు. కొబ్బరి చిప్ప, మోకాలి చిప్ప, ముష్టివాడి చేతిలో చిప్ప, జైల్లో చిప్పకూడు. ఆస్తి పోతే చివరికి చేతికి చిప్ప వస్తుంది. వీటిలో ఎక్కడా అంచు ప్రసక్తి లేదు, ఉన్నదంతా గుంటా గిన్నే. లాటిన్‌లో కూడా మోకాలి చిప్పకు పెట్టిన పటెల్లా అనే పేరుకు అర్థం చిన్న పళ్లెం. ఇంగ్లీషువారు చిప్పను ముందు అంచు వైపు నుంచి చూశారు, తెలుగువారు లోపలి వైపు నుంచి చూశారు. అంచులకు మన నేతగాళ్ల దగ్గర వేరే పేర్లున్నాయి. కోటకొమ్మంచు అలాంటిదే, కానీ దాని కొసలు కోట బురుజుల్లా మొనదేలి ఉంటాయి. గుండ్రటి వంపుల అంచు కుట్టవలసి వచ్చినప్పుడు టైలర్‌కు ఆ పేరు సరిపోలేదు. అందుకే స్కాలప్ అనే మాటను అలాగే తీసుకున్నాడు, అదీ అంచు అర్థం వరకే. చిప్ప మనకు ముందే ఉంది.

జీవికి తెలుగు పేరు కావాలంటే లాటిన్ వైపు నుంచి వచ్చే దువ్వెన చిప్ప నయం. వినడానికి కొత్తగా ఉన్నా వంటింట్లో ఆ జోడీ పాతదే. పండక్కి గవ్వలు చేసేటప్పుడు గవ్వల చెక్క దొరక్కపోతే, కొత్త దువ్వెన ఒకటి కడిగి, దాని పళ్ల మీద పిండి ఉండను బొటనవేలితో ఒత్తి జార్చుతారు. వెనక వైపు చాళ్లు పడి, లోపలికి ముడుచుకుని వస్తుంది. వాటిని గవ్వలు అంటాం గానీ, అసలు గవ్వ వీపు నున్నగా ఉంటుంది. అలా చాళ్లుండేది స్కాలప్‌కు.